సైకిల్ చక్రం 440 చుట్లు

మొన్న భోగి నాడు మా ఆవిడ సూపర్ మార్కెట్ నుంచి గుమ్మడికాయ ముక్క తెచ్చింది. కాయ కాదు, ముక్క. పల్చటి ప్లాస్టిక్ చుట్టి, మీద ధర చీటీ అంటించిన అరకిలో ముక్క. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, దప్పళంలోకి అదే ఎక్కువ అంది. నేను హాల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. వంటింట్లో ఆ కవర్ చింపి కత్తి దించిందో లేదో వాసన వచ్చింది. పచ్చిగా, కాస్త దోసకాయలాగా, కాస్త తడిమట్టిలాగా, గింజల్ని పట్టుకుని ఉండే ఆ పీచు వాసన.

నాకు సూర్యుడి వాసన అంటే అదే. నవ్వకండి, చెప్తాను.

*

మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. ఊళ్ళో శివాలయం, అందులో ఓ మూల నవగ్రహ మండపం. ప్రతి శనివారం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది, చేతిలో నువ్వులనూనె గిన్నె. నూనె ఓడుతూ నల్లగా నిగనిగలాడే తొమ్మిది రాతి బొమ్మలు. మధ్యలో సూర్యుడు, చుట్టూ మిగతావాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఆస్తి తగాదా పడ్డ అన్నదమ్ముల్లాగా. చుట్టూ తొమ్మిది ప్రదక్షిణలు చేసి, ప్రసాదం కొబ్బరిముక్క చేతిలో పడేదాకా నా ధ్యాసంతా దాని మీదే. అప్పటి నా లెక్కలో సూర్యుడి దగ్గర్నుంచి శని దాకా ఎంత దూరమంటే, చెయ్యి చాపితే అందేంత.

బళ్ళో సైన్సు పుస్తకం కూడా అంతకంటే గొప్పగా ఏం చెప్పలేదు. పేజీ ఎడమ అంచున నారింజ రంగు అరచందమామలాగా సూర్యుడు, అక్కణ్ణుంచి వరసగా పళ్ళెంలో సర్దిన లడ్డూల్లాగా గ్రహాలు, దాదాపు ఒకదాన్నొకటి రాసుకుంటూ. కింద అంకెలు. భూమికి సూర్యుడికి మధ్య 15 కోట్ల కిలోమీటర్లు. నెప్ట్యూన్‌కి 450 కోట్లు. ఎక్కాలు చదివినట్టు రాగం తీసి చదివేవాళ్ళం. కోటి అనే మాట లాటరీ టిక్కెట్టు మీద తప్ప ఇంకెక్కడా చూసి ఎరగం. పదిహేను కోట్లయినా నూట యాభై కోట్లయినా మాకు తేడా ఏముంది, పరీక్షలో సున్నాలు తగ్గకుండా రాస్తే చాలు.

సైన్సు మాస్టారు పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. చైనులో పడకుండా ప్యాంటు అంచుకి బట్టల క్లిప్పు పెట్టుకునేవారు, దాన్ని తీయడం మర్చిపోయి సాయంత్రం దాకా అలాగే పాఠం చెప్పేవారు. ముక్కుపొడి అలవాటు. పొద్దున రేడియోలో ఏ వార్త విన్నా మొదటి పీరియడ్‌లో మాకు అప్పజెప్పకపోతే ఆయనకి తోచేది కాదు. అది 1986 జనవరి, సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచిన కొత్త. వాయేజర్ 2 అనే నౌక యురేనస్ పక్కనుంచి వెళ్ళిందని ఆ రోజుల్లోనే వార్త. ఎనిమిదిన్నరేళ్ళ కింద బయల్దేరింది ఇప్పటికి చేరిందిరా అన్నారు మాస్టారు, అదేదో మా ఊరి బస్సు సంగతి చెప్తున్నట్టు. వెనక బెంచీ నుంచి ఎవడో "అంత నిదానమా మాస్టారూ" అన్నాడు.

"నిదానమా! సెకనుకి పదిహేను కిలోమీటర్ల పైనే పోతోంది. నువ్వు తెనాలి అనే లోపల తెనాలిలో ఉంటుంది."

అంత జోరుగా వెళ్తే ఎనిమిదేళ్ళు ఎందుకు పట్టిందో మాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి మా మొహాల్లో ఆయనకి కనపడే ఉంటుంది. చాక్‌పీసు బల్లమీద పడేసి, రేపెవరైనా ఒక గుమ్మడికాయ తీసుకురండిరా, అడుగు వెడల్పుండాలి అన్నారు.

*

మా గొడ్లచావిడి కప్పు మీద గుమ్మడిపాదు పాకి ఉండేది. పండక్కి ఒకటి కోయగా రెండోది మిగిలింది, దాన్ని అమ్మ దేనికో దాచింది. నేను అడగలేదు. అడిగితే ఇవ్వదని తెలుసు. పొద్దున్నే నిచ్చెనేసుకుని ఎక్కి, కాయ కోసి, పాత తువ్వాల్లో మూటకట్టి భుజానేసుకుని పెరటి దారిన పరుగు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఉంది కదా. అది బూడిదగుమ్మడి సంగతి, మాది తీపిగుమ్మడి, భుజానికి ఏమీ అంటదు. అయినా బళ్ళో అడుగుపెట్టేదాకా తడుముకుంటూనే ఉన్నా.

మాస్టారు కాయని స్కేలుతో కొలిచి, భేష్ అని, బడి గేటు పక్కన స్టూలు వేసి దానిమీద కూర్చోబెట్టారు. "ఇదీ సూర్యుడు." జేబులోంచి కాగితం పొట్లాలు తీశారు. ఇంట్లో పోపులపెట్టె ఖాళీ చేసుకొచ్చారని తర్వాత తెలిసింది. భూమి ఒక సజ్జగింజ. సజ్జగింజేంటి మాస్టారూ అని నవ్వాం. ఆయన నవ్వలేదు. కుజుడు ఆవగింజ, గురుడు ఉసిరికాయ, శని గంగరేగు పండు, యురేనస్, నెప్ట్యూన్ రెండూ కుంకుడు గింజలు. ప్లూటో ఈ ఏళ్ళలో నెప్ట్యూన్ కంటే లోపలికే వచ్చి తిరుగుతోంది, దాన్ని వదిలేద్దాం, నా దగ్గర అంత చిన్న గింజ లేదు అన్నారు. నిజంగానే 1979 నుంచి 1999 దాకా ప్లూటో నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది, ఆ ముక్క నేను చాలా ఏళ్ళకి చదివి ఈయనకి అప్పుడే ఎలా తెలుసు అనుకున్నా.

దూరాలు కొలవడానికి టేపు లేదు. సైకిల్ చక్రం పుల్లకి ఎర్రగుడ్డ పేలిక కట్టారు. ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ఆయన సైకిల్ నడిపించుకుంటూ వెళ్తుంటే, పేలిక కిందకి వచ్చినప్పుడల్లా మేం నలభై మందిమి కలిసి గట్టిగా లెక్కపెట్టడం. ఒకటీ, రెండూ, మూడూ. ఆ చక్రం టిక్కు టిక్కు చప్పుడూ, మా కేకలూ, పక్కన పొలంలో మినపచేను పీకేవాళ్ళు నడుం నిటారు చేసి చూడడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

పదిహేను చుట్లకి భూమి. క్లాసు ఫస్టొచ్చే అమ్మాయికి భూమి దక్కింది, ఎప్పుడూ ఉండేదే. అట్టముక్క మీద అన్నం మెతుకుతో సజ్జగింజని అంటించి పట్టుకుని నిలబడింది. మాస్టారు పొట్లంలోంచి ఒక్క గసగసాల గింజ వేలికొసన అద్దుకుని, అదే అట్ట మీద, సజ్జగింజకి నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టారు. "చంద్రుడు. బెత్తెడు దూరం. మనిషి పుట్టాక ఇప్పటిదాకా వెళ్ళిన అతి పెద్ద ప్రయాణం ఈ బెత్తెడే." మేం గుమ్మడికాయ వైపు చూశాం. బెత్తెడు ఇక్కడ, అదేమో గేటు దగ్గర, ముప్పై రెండు మీటర్ల అవతల.

ఇక్కడే చీమల గొడవ వచ్చింది. వెలుతురు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుందని అందరికీ నోటికి వచ్చు కదా, ఈ గుమ్మడికాయ లెక్కలో అదెంతరా అని లెక్కేయించారు. ఆరున్నర సెంటీమీటర్లు. సెకనుకి. అక్కడే గట్టు మీద చీమల బారు పోతోంది, దాన్ని చూపించి, అదిగో వెలుతురు, ఈ లోకంలో దానికంటే జోరుగా పోయేది లేదు అన్నారు. ఒక చీమ పక్కనే కూర్చుని చూశాం. గుమ్మడికాయ దగ్గర బయల్దేరిన చీమ ఎక్కడా ఆగకుండా నడిస్తే సజ్జగింజని చేరడానికి ఎనిమిది నిమిషాల పైన. మా చీమ మాత్రం రెండు మూరలు పోయి బెల్లప్పొడి దగ్గర ఆగిపోయింది. దాన్ని పుల్లతో అదిలించబోతే, వెలుతుర్ని తోయకూడదురా అన్నారు.

డెబ్భై ఆరు చుట్లకి గురుడు. నూట నలభై చుట్లకి శని, అంటే నేను. రేగుపండు చుట్టూ నోటుబుక్కు కాగితం కత్తిరించి వలయం తొడిగిచ్చారు. అప్పటికే బడి నుంచి మూడొందల మీటర్లు వచ్చేశాం. నన్ను కాలవ గట్టు మీద నిలబెట్టి, కదలకు అని చెప్పి, మిగతావాళ్ళు లెక్కపెట్టుకుంటూ ముందుకెళ్ళిపోయారు. నూట యాభై, నూట అరవై. కేకలు చిన్నవైపోయాయి. వెనక్కి చూస్తే గేటు దగ్గర గుమ్మడికాయ పసుపు చుక్కలా ఉంది. సజ్జగింజ సంగతి సరే, దాన్ని పట్టుకున్న అమ్మాయే గౌను రంగుని బట్టి తెలుస్తోంది. ఎడమ పక్క కాలవ, కుడి పక్క చేను, మధ్యలో నేనూ నా రేగుపండూ. శనివారం శనివారం నేను తొమ్మిదిసార్లు చుట్టి వచ్చిన దేవుడు ఇంత ఒంటరివాడా అనిపించింది. కాసేపటికి బుగులు మరీ ఎక్కువై, వలయం తీసి జేబులో పెట్టుకుని, శనిని తినేశాను.

*

యురేనస్ 281 చుట్ల దగ్గర. నెప్ట్యూన్ 440 చుట్ల దగ్గర, కాస్త తక్కువ కిలోమీటరు, లాకుల పక్కన తుమ్మచెట్టు కింద. అక్కడ నిలబెట్టింది మా వీధిలోనే ఉండే కుర్రాణ్ణి, నాకు దగ్గర స్నేహితుడు, వాడికి ఒక్క పక్క పళ్ళు ఊడి ఉండేవి. మాస్టారు సైకిలెక్కి తిరిగొస్తూ మమ్మల్నందర్నీ ఏరుకుంటూ వచ్చారు. యురేనస్‌ని ఎక్కించుకున్నారు, నన్ను నడిపించారు, శని ఏదిరా అంటే పడిపోయిందండీ అన్నాను. బడికొచ్చాక సున్నం తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే గంట కొట్టారు. అందరం ఇళ్ళకి పోయాం.

నెప్ట్యూన్‌ని ఎవరూ పిలవలేదు.

కదలకు అంటే కదలని రకం వాడు. దీపాలు పెట్టే వేళకి వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, ఒరే మావాడేడిరా అంటే, అప్పుడు నాకు గుండె గుభేలుమంది. లాంతరు పట్టుకుని మా నాన్న, వాళ్ళ మేనమామ వెళ్తే, చెట్టు కింద గొంతుక్కూర్చుని, గుప్పిట్లో కుంకుడు గింజ అలాగే బిగించి పట్టుకుని ఉన్నాడట. వాణ్ణి తిట్టబోయి మా నాన్న నవ్వేశాడు. ఆ రాత్రే మాస్టారికి కబురెళ్ళింది, ఆయన పాపం అంత చీకట్లో సైకిలేసుకుని వచ్చి వాళ్ళమ్మకి క్షమాపణ చెప్పుకున్నారు. వాడికి ఆ రోజు నుంచి నెప్ట్యూన్‌గాడు అనే పేరు ఖాయమైపోయింది. ఊళ్ళో వాడి అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వాడరు.

మా గుమ్మడికాయని కూడా ఆయనే తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టారు. "మీ సూర్యుడమ్మా, జాగ్రత్త" అన్నారు. అయ్యో పర్లేదు మాస్టారూ అని అమ్మ ఎంతో మర్యాదగా సాగనంపి, ఆయన వీధి మలుపు తిరగ్గానే నా వీపు విమానం మోత మోగించింది. మర్నాడు దాన్ని కత్తిపీట మీద కోసింది. నేను పక్కనే కూర్చున్నా. రెండు చెక్కలై లోపల నారింజ రంగు బయటపడ్డప్పుడు వచ్చిన వాసన అది. రెండు రోజులు పులుసులో తిన్నాం సూర్యుణ్ణి.

తర్వాత నేను గుంటూరులో కాలేజీలో ఉండగా, 1989 ఆగస్టులో, అదే వాయేజర్ 2 నెప్ట్యూన్ దగ్గరకి చేరింది. పేపర్లో నీలం బంతి బొమ్మ వేశారు. వాడికి కార్డు రాశాను: ఒరేయ్, పన్నెండేళ్ళు నడిచి నీ దగ్గరికి ఎవరో వచ్చారట, మజ్జిగన్నా ఇచ్చావా. వాడు జవాబు రాశాడు, ఇంకా పిలవడానికి వచ్చారేమో అనుకున్నా, ఆగకుండా పోయారు అని.

*

వేసవిలో అందరం వాకిట్లోనే పడుకునేవాళ్ళం. నులకమంచాలు, తడిపిన నేల వాసన, వీధి చివర ఎవరింట్లోనో రేడియో గరగర. కరెంటు పోతే పాలపుంత కొబ్బరాకుల మధ్య నుంచి సున్నం ఒలికినట్టు కనపడేది. నాయనమ్మకి నక్షత్రాలు బాగా తెలుసు. వేగుచుక్క, పిల్లలకోడి, సప్తర్షులు, వసిష్ఠుడి పక్కన నలుసంత అరుంధతి. పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు చూపించినప్పుడు కనపడిందా అంటే, ఆ, కనపడిందన్నాను, అనకపోతే భోజనాలు ఆలస్యమయ్యేట్టున్నాయి అనేది. ఆ చుక్క నుంచి వెలుతురు ఇక్కడికి రావడానికి 80 ఏళ్ళ పైన పడుతుంది. అంటే ఆ రాత్రుళ్ళు మా కళ్ళల్లో పడ్డది ఆమె పుట్టకముందు బయల్దేరిన వెలుతురు. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె పోయిన రోజున అక్కడ బయల్దేరింది ఇంకా సగం దారి కూడా రాలేదు.

ఓ మే నెలలో మాస్టారు మా వీధిలో పెళ్ళికొచ్చి, భోజనాలయ్యాక మా అరుగు మీద కూర్చున్నారు. దక్షిణాన తాటిచెట్ల తలల మీదుగా త్రిశంకుడు. ఆయనకి ఎడమ పక్కన మంచి వెలుగున్న రెండు చుక్కలు. అందులో ఎడమ చివరది చూపించారు, ఆల్ఫా సెంటారీ, అది మనకి పక్కింటి గుమ్మడికాయరా అన్నారు. మన దానికంటే కాస్త పెద్దది, దాంతో పాటు ఇంకొకటి, ఇంకా కాస్త ఇటు పక్కగా కంటికి కనపడని ప్రాక్సిమా అనే నిమ్మకాయ కూడా ఉంది. నేను హుషారుగా, అయితే ఎన్ని చుట్లు మాస్టారూ అన్నాను. ముక్కుపొడి పట్టు వేసుకుని, లెక్క అప్పటికే వేసుకుని ఉన్నారేమో, తడుముకోకుండా చెప్పారు. మన బడి గేటు దగ్గర గుమ్మడికాయ పెడితే, ఆ నిమ్మకాయ ఎనిమిదివేల ఆరొందల కిలోమీటర్ల అవతల. లండన్ కూడా దాటి పోవాలి. మధ్యలో? మధ్యలో ఏమీ లేదు. చీమ రాత్రీ పగలూ నడిస్తే నాలుగేళ్ళ పైన.

నేను నెప్ట్యూన్‌గాడి గురించి ఆలోచించాను. తుమ్మచెట్టు కింద ఒక్క పూట నిలబడినందుకే వాడికి రెండ్రోజులు జ్వరం వచ్చింది.

*

చదువయ్యాక ఉద్యోగం దొరికే లోపు తెనాలిలో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను, రెండేళ్ళ పైనే. అద్దాల గది, తలుపేస్తే వెలిగే లైటు, లోపల తిరిగీ తిరగని చిన్న ఫ్యాను, ఎర్ర అంకెల మీటరు. రాత్రి రేటు తగ్గే వేళకి జనం బారు తీరేవాళ్ళు. అమెరికాలో కొడుకులున్న తల్లులు చీటీ మీద నంబరు రాసుకొచ్చి, బాబూ కలుపు అనేవాళ్ళు. ఉపగ్రహం మీదుగా పోయే కాల్ అయితే నాకు వెంటనే తెలిసిపోయేది. హలో అంటే అవతల ఒక్క అర సెకను నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి గాభరాపడి ఈవిడ మళ్ళీ హలో అనేది, సరిగ్గా అప్పుడే మొదటి హలోకి జవాబు వచ్చేది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవాళ్ళు. ఎర్ర అంకెలు మాత్రం ఆగేవి కావు. అమ్మా, చెప్పి కాస్త ఆగండి, మాట పైకెళ్ళి కిందికి దిగాలి అనేవాణ్ణి. 36 వేల కిలోమీటర్లు పైకి, అంతే కిందికి, జవాబు మళ్ళీ అదే దారిన. ఎక్కుతున్నది వెలుతురే, అయినా ఆలస్యం చెవికి తెలిసిపోతోంది. గుమ్మడికాయ లెక్కలో ఆ 36 వేలు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. గోరంత దూరానికే తల్లీకొడుకుల మాటలు గుద్దుకునేవి.

2023 చివర్లో వాయేజర్ 1 పిచ్చి కూతలు పంపడం మొదలెట్టింది అని చదివినప్పుడు నాకు ఆ బూతే గుర్తొచ్చింది. దాని కంప్యూటర్లో ఒక చిప్పు పాడైతే, ఇక్కణ్ణుంచే ప్రోగ్రాముని వేరే చోటికి సర్ది, 2024 ఏప్రిల్‌కి బాగుచేశారు. ఒక ఆదేశం పంపితే చేరడానికే ఇరవై రెండున్నర గంటలు, పలికిందో లేదో తెలియడానికి ఇంకో ఇరవై రెండున్నర. హలో అని దాదాపు రెండ్రోజులు కూర్చోవాలి. 1977లో బయల్దేరిన ఆ నౌక ఇప్పటికి మా గుమ్మడికాయకి ఐదున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే మాస్టారి ఊరు దాకా వచ్చినట్టు. రోజుకి ఒక అడుగు చొప్పున.

మన ఆదిత్య ఎల్1 వెళ్ళినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో, సూర్యుడి మీదికి పంపారు, మాడిపోదా అని ఒకటే చర్చ. అది వెళ్ళింది 15 లక్షల కిలోమీటర్లు. నేను టైపు చేశాను: సజ్జగింజ నుంచి జానెడున్నర. గుమ్మడికాయ ఇంకా ముప్పై రెండు మీటర్ల అవతలే ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా మేనకోడలు ఒక గుమ్మడికాయ బొమ్మ పెట్టింది.

*

భోగి నాటి ఆ ముక్క వాసన ఊరికే పోనివ్వలేదు. కనుమ వెళ్ళిన మర్నాడు బస్సెక్కి ఊరెళ్ళాను. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. బడికి కొత్త గోడ, కొత్త గేటు, కానీ గేటు ఉన్నచోటే ఉంది. నెప్ట్యూన్‌గాడు అక్కడే కౌలు వ్యవసాయం చేసుకుంటున్నాడు, మోకాళ్ళ నొప్పులు, బండి మీద తప్ప తిరగడు. టీ తాగి, చీకటిపడే వేళకి కాలవ గట్టు మీదికెళ్ళాం. తుమ్మచెట్టు లేదు. దాని చోట ప్లాట్ల వెంచర్ వాళ్ళు కట్టిన సిమెంటు ఆర్చి ఉంది.

"ఆ రోజు ఏం చేశావురా అంతసేపు?" అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"ఏం చేస్తాను. గుమ్మడికాయ కేసి చూస్తా కూర్చున్నా. కాసేపు ఉందనిపించేది, కాసేపు లేదనిపించేది. పొద్దుగూకాక అసలు కనపళ్ళా. ఎటేపు ఉందో గుర్తుపెట్టుకుని అటే చూస్తా ఉన్నా."

తర్వాత వాడే అన్నాడు, నువ్వెళ్ళి గేటు దగ్గర నుంచోరా, ఫోన్ లైటెయ్, ఇప్పుడు కనపడుద్దేమో చూస్తా. వద్దురా ఈ వయసులో అన్నా వినడే. వాడి బండి తీసుకుని బడి దగ్గరికెళ్ళి, స్టూలు ఉండిన చోట నిలబడి, టార్చి వేసి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. గట్టు వెంట అన్నీ వీధిలైట్లే, ఆర్చికి రంగురంగుల బల్బులు. ఫోన్ మోగింది.

"వేశావా?"

"వేశా. కనపడుతున్నానా?"

"ఏదో చుక్క ఉందిరా. నువ్వో, పాలకేంద్రం లైటో తెలీట్లా. ఓసారి ఊపు."

ఊపాను.